వింటినారి వదిలిన క్షణం: ఇంటి రక్షణలో విల్లు, చట్టం అడిగే ప్రశ్నలు

తుర్కయాంజాల్ దగ్గర సాగర్ రోడ్డు దిగి లోపలి వెంచర్లలోకి వెళితే ఇళ్లు దూరదూరంగా కనిపిస్తాయి. నాలుగు ఖాళీ ప్లాట్లు, ఒక ఇండిపెండెంట్ ఇల్లు, మళ్లీ ఖాళీ ప్లాట్లు. అర్ధరాత్రి కేక వేస్తే పక్కింటివాళ్లకు వినపడుతుందన్న ధీమా అక్కడ అందరికీ ఉండదు. తుపాకీకి లైసెన్సు కావాలి, అది సామాన్యుడికి సులభంగా వచ్చేది కాదు. విల్లు సంగతి వేరు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో బొమ్మదేవర ధీరజ్ మిక్స్‌డ్ జట్టుతో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. మన పిల్లలకు ఇప్పుడు విలువిద్య అంటే పురాణాల్లోది కాదు, సాయంత్రం కోచింగుకు వెళ్లి నేర్చుకునే ఆట. అలా ఇంటికొచ్చిన విల్లు బీరువా పక్కన ఉన్నప్పుడు, రాత్రి దొంగ పడితే దాన్ని ఎక్కుపెట్టవచ్చా అన్న ప్రశ్న పుట్టడం సహజం.

దీనికి వినవచ్చే జవాబులు మూడు రకాలు. విల్లుకు లైసెన్సు అక్కర్లేదు గనుక కేసు ఉండదని కొందరంటారు. రాత్రిపూట ఇంట్లో చొరబడినవాణ్ణి చంపినా తప్పులేదని చట్టమే చెప్పిందని ఇంకొందరు. బాణం వేస్తే హత్యాయత్నమే, జైలు ఖాయమని మరికొందరు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. ఏ ఒక్కదాన్ని నమ్ముకుని విల్లు చేతపట్టినా ప్రమాదమే.

విల్లు ఆయుధమేనా?

చరిత్ర చూస్తే జవాబు ఒకప్పుడు సూటిగానే ఉండేది. బ్రిటిష్ ప్రభుత్వం 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం తన నిర్వచనంలో తుపాకులు, కత్తులు, బల్లేలతో పాటు విల్లంబులను కూడా పేరుపెట్టి చేర్చింది. 1922లో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే అయినా, మన్యం పోరాటం అనగానే జనం మనసులో మెదిలేది విల్లే. దాన్ని ఆయుధాల జాబితాలో రాసుకున్న పాలకులకు దాని శక్తి తెలుసు.

స్వతంత్ర భారతం 1959లో చేసిన ఆయుధాల చట్టంలో విల్లు అన్న మాట లేదు. దాడికి గానీ రక్షణకు గానీ ఆయుధంగా తయారైన, లేదా ఆయుధంగా మలచిన ఏ వస్తువైనా ఆయుధమేనంటుంది ఆ నిర్వచనం. కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని, ఆటబొమ్మలుగా తప్ప పనికిరానివాటిని మినహాయిస్తుంది. ఈ రెంటి మధ్య ఆటల విల్లు ఎక్కడ పడుతుంది? క్రీడాసామగ్రి అన్నది ఒక వాదన. కాంపౌండ్ విల్లును 50 మీటర్ల పోటీకి 60 పౌండ్ల బిగువు దాకా అనుమతిస్తారు, అది ఆటబొమ్మ కాదు, నిర్వచనంలోకి వస్తుందన్నది రెండో వాదన.

అయితే ఆయుధమని తేలినంత మాత్రాన లైసెన్సు తప్పనిసరి కాదు. తుపాకీకి సెక్షన్ 3 కింద ఎక్కడైనా లైసెన్సు కావాలి. మిగతా ఆయుధాలకు సెక్షన్ 4 కింద కేంద్రం ఫలానా ప్రాంతంలో ఫలానా రకానికి అని నోటిఫికేషన్ ఇచ్చినప్పుడే ఆ నిబంధన వర్తిస్తుంది. ఇంట్లో విల్లు ఉండటం ఒక సంగతి, దాన్ని భుజాన వేసుకుని వీధిలో తిరగడం ఇంకో సంగతి. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో నిషేధాజ్ఞలు అమల్లో ఉంటే రెండోదానికి కేసు పడవచ్చు.

లైసెన్సు చర్చ ఇంతకన్నా లోతుకు పోదు. విల్లు కొనుక్కోవడం నేరం కాకపోతే దాంతో మనిషిని కొట్టడం నేరం కాదని అర్థం రాదు. కూరగాయల కత్తికీ లైసెన్సు లేదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 118 గాయపరిచిన సాధనాల వరుసలో మొట్టమొదట ఎత్తేది ప్రయోగించే సాధనాన్నే. బాణం అందులో నేరుగా పడుతుంది. మామూలు గాయమైతే మూడేళ్ల దాకా శిక్ష. తీవ్ర గాయమైతే కనీసం ఏడాది నుంచి పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం. ప్రాణం తీసే ఉద్దేశం కనిపిస్తే సెక్షన్ 109, హత్యాయత్నం. వీటి నుంచి బయటపడేసే ప్రధాన దారి ఆత్మరక్షణ హక్కు.

హక్కు పుట్టుక

1837 నాటి శిక్షాస్మృతి ముసాయిదాలో మెకాలే ఈ హక్కును కావాలనే విశాలంగా రాశాడు. ఈ దేశ ప్రజలు దౌర్జన్యాన్ని తలవంచి భరిస్తున్నారని, ఎదిరించే చొరవను చట్టం పెంచాలే గానీ అణచకూడదని ఆయన అభిప్రాయం. 1860 శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో అవి 34 నుంచి 44 దాకా కూర్చున్నాయి. అంకెలు మారాయి, సారం దాదాపు అదే. 2013లో చేరిన యాసిడ్ దాడి అంశం కొనసాగింది. ‘రాత్రి వేళ ఇంటికి కన్నం’ అన్నచోట సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అని వేళను విడమరిచి రాశారు.

పరుగెత్తి తప్పించుకోవడమే నీ ధర్మమని మన చట్టం ఇంటి యజమానితో అనదు. ఈ మాట చాలామందికి తెలియదు, తెలియాలి. తన ఇంట్లో, తన వాళ్ల మధ్య నిలబడి ఎదిరించే హక్కు అతనికి ఉంది. ఆ హక్కు ఎంతవరకు అన్నదగ్గరే చిక్కంతా.

రాత్రి దొంగ: రెండు పఠనాలు

సెక్షన్ 41 ఆస్తి రక్షణలో ప్రాణం తీసే దాకా వెళ్లగల సందర్భాలు నాలుగు చెబుతుంది. దోపిడీ, చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికి నిప్పు పెట్టడం లేదా పేలుడు పదార్థం వాడటం, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం కలిగించే తీరులో జరిగే దొంగతనం లేదా ఆస్తి విధ్వంసం లేదా ఇంట్లో చొరబాటు.

అక్షరార్థం పట్టుకున్నవాళ్లు రెండో అంశం చూపిస్తారు. రాత్రి వేళ తాళం పగలగొట్టి లోపలికొచ్చాడా లేదా అన్నదే ప్రశ్న. అతని చేతిలో కత్తి ఉందా, ఉత్త చేతులా అన్నది అక్కడ రాయలేదు కదా అంటారు. మాటల వరకు వాళ్లది బలమైన వాదనే. నిద్రమత్తులో లేచిన మనిషి చీకట్లో ఎదుటివాడి చేతిలో ఏముందో చూసి కొలుచుకోలేడన్న ఇంగితం దాని వెనుక ఉంది.

రెండో పక్షం అదే సెక్షన్ మొదటి పంక్తి చూపిస్తుంది. ఈ హక్కు సెక్షన్ 37లోని పరిమితులకు లోబడి ఉంటుందని అక్కడే ఉంది. 37 రెండు షరతులు పెడుతుంది. అధికారుల సాయం కోరే వ్యవధి ఉంటే హక్కే లేదు. హక్కు ఉన్నా, రక్షణకు అవసరమైనదానికి మించి హాని చేయకూడదు. అంటే రాత్రి చొరబాటు తలుపు తెరుస్తుంది గానీ, లోపల ఎంత దూరం నడవాలో అవసరమే నిర్ణయిస్తుంది.

నాకు రెండో పఠనమే సరైనదనిపిస్తుంది. సుప్రీంకోర్టు తీర్పుల నడకా అటే. 2010లో దర్శన్ సింగ్ కేసులో కోర్టు ఈ హక్కు సూత్రాలను ఒకచోట పోగుచేసింది. సహేతుకమైన భయం చాలు, నిజంగా దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. కానీ అవసరాన్ని మించిన బలం కుదరదు, కక్ష తీర్చుకోవడానికి ఇది సాధనం కాదు. అదే సమయంలో కోర్టులు ఇంటి యజమానిని సందేహంతోనే చూస్తాయనుకోవడం కూడా పొరపాటే. 1950లో మధ్యప్రదేశ్‌లోని కట్నీలో అల్లర్లప్పుడు ఒక మూక అంజద్ ఖాన్ అనే వ్యక్తి సోదరుడి దుకాణం లూటీ చేసి ఖాన్ ఇంటి తలుపు మీద పడింది. లోపల కుటుంబం ఉంది. అతను తుపాకీ రెండుసార్లు పేల్చాడు, ఒకరు చనిపోయారు. 1952లో సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. తలుపు విరిగేదాకా కాచుకుని కూర్చోమని చట్టం చెప్పదని, ఆ క్షణంలో వాడిన బలాన్ని బంగారం తూచే త్రాసులో తూచకూడదని ఆ తీర్పు సారం. ఆ తర్వాత వచ్చిన దేవ్ నారాయణ్ కేసు విల్లుకు ఇంకాస్త దగ్గర. అవతలివాళ్లు లాఠీలతో వస్తే ఇతను ఈటెతో పొడిచాడు. లాఠీకి ఈటెతో జవాబివ్వడం హద్దు దాటడమేనంది హైకోర్టు. తల మీద పడే లాఠీ దెబ్బ కూడా ప్రాణం తీస్తుందని చెప్పి సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది.

అవతలి ఒడ్డున మహీందర్‌పాల్ జాలీ కేసు ఉంది. కార్మికులు ఫ్యాక్టరీ మీద ఇటుకముక్కలు రువ్వుతుంటే యజమాని రివాల్వర్ పేల్చి ఒకరి ప్రాణం తీశాడు. హక్కు ఉంది, హద్దు దాటింది అని కోర్టు తేల్చి శిక్ష వేసింది. హద్దు దాటితే అది హత్య కింద కాక, సెక్షన్ 101 రెండో మినహాయింపు ద్వారా హత్య కాని నరహత్యగా మారవచ్చు. అప్పుడు సెక్షన్ 105 వర్తిస్తుంది. ఉద్దేశాన్ని బట్టి పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం. నేరం స్థాయి తగ్గినా మనిషి జైలుకు వెళ్లక తప్పదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయుధం పేరు ఏ తీర్పునూ నిర్ణయించలేదు. తుపాకీ పట్టిన అంజద్ ఖాన్ బయటపడ్డాడు, తుపాకీ పట్టిన జాలీ పడలేదు. మొదటి కేసులో మూక తలుపు విరగ్గొట్టబోతోంది. రెండో కేసులో ప్రాణానికి అంత దగ్గరి ముప్పు కోర్టుకు కనిపించలేదు.

విల్లు తానే చెప్పే సాక్ష్యం

ఇక్కడ విల్లుకు కత్తికీ కర్రకూ లేని ఇబ్బంది ఉంది. కర్ర చేతికందితే విసురుతాం, అది ఒక్క కదలిక. పోటీల రికర్వ్ విల్లు అలా కాదు. సంచిలో అది విడిభాగాలుగా ఉంటుంది. మధ్యపిడికి రెండు కొమ్మలూ బిగించాలి, వంచి నారి ఎక్కించాలి. నిమిషాలు పడుతుంది. నారి ఎక్కించి ఉంచినదైనా సరే, బాణం తోకలోని గాడిని నారికి తగిలించాలి, మూడు వేళ్లతో నారిని గడ్డం కిందికి లాగాలి, గురి చూడాలి, వదలాలి. ప్రతి అంచె వెనుకా ఒక నిర్ణయం ఉంటుంది. మనిషంత పొడవుండే ఆ విల్లును పడకగది, హాలు మధ్య ఇరుకు దారిలో తిప్పడమే కష్టం. రెండు చేతులూ దానికే కావాలి, ఫోను పట్టుకునే చెయ్యి మిగలదు.

కోర్టులో ఇవన్నీ ప్రశ్నలవుతాయి. విల్లు బిగించే వ్యవధి ఉంటే 100కు ఫోన్ చేసే వ్యవధి లేదా? ముందే బిగించి మంచం పక్కన పెట్టుకున్నావంటే ఎవరి కోసం కాచుకున్నావు? రెండో ప్రశ్నకు జవాబు ఉంది. జాగ్రత్తపడటం నేరం కాదు, వరుసగా దొంగతనాలు జరిగిన కాలనీలో అది సబబే. మొదటి ప్రశ్నే గట్టిది, సెక్షన్ 37 గుండె మీద పడే ప్రశ్న.

బాణం ఇంకో సాక్ష్యం మిగులుస్తుంది. అది తరచూ ఒంట్లోనే నిలిచిపోతుంది, ఏ దిక్కు నుంచి, ఏ కోణంలో దిగిందో డాక్టరు రాస్తాడు. ఛాతీలో దిగితే ఎదురొచ్చాడన్న మాటకు బలం. వీపులో దిగితే పారిపోతున్నాడన్న మాటకు బలం. సెక్షన్ 43 ప్రకారం రాత్రి చొరబాటుతో వచ్చే హక్కు ఆ చొరబాటు సాగుతున్నంతసేపే. దొంగ గడప దాటి గేటువైపు పరుగెత్తితే ఆ హక్కు ఆరిపోతుంది. నగలు పట్టుకుని పోతుంటే దొంగతనాన్ని ఆపే హక్కు ఇంకా మిగిలి ఉంటుంది గానీ, అది ప్రాణం తీసేదాకా రాదు. కాలికి కొడతాను, చావడు కదా అనుకోవడమూ అపాయమే. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే మనిషి కొద్ది నిమిషాల్లో ప్రాణం విడుస్తాడు. గాయం నుంచి బాణం పీకితే రక్తం ఆగదు, సాక్ష్యమూ చెడుతుంది. 108కి ఫోన్ చేసి దాన్ని అలాగే వదిలేయడం ప్రాణానికీ కేసుకూ మంచిది.

చీకట్లో వేసిన బాణం ఎవరికి తగిలిందన్నది వేరే కథ. మత్తులో ఇల్లు పొరబడి వచ్చినవాడు, మతిస్థిమితం లేనివాడు నేరం చేయకపోయినా అతని దాడి నుంచి కాపాడుకునే హక్కు సెక్షన్ 36 ఇస్తుంది. కానీ దాడి ఉండాలి. నిజాయితీగా పొరబడినవారికి సెక్షన్ 17లో రక్షణ ఉంది. ఒడిశా హైకోర్టు ముందుకొచ్చిన రాంబహదూర్ థాపా కేసు దీనికి పాత ఉదాహరణ. రాత్రి పాడుబడ్డ విమానాశ్రయంలో మినుకుమినుకుమనే వెలుగు చూసి దయ్యాలనుకుని అతను ఖుక్రీతో నరికాడు. వాళ్లు లాంతరుతో ఇప్పపూలు ఏరుకుంటున్న ఆడవాళ్లు, ఒకరు చనిపోయారు. అతని నమ్మకం నిజాయితీగలదని కోర్టు వదిలిపెట్టింది. స్విచ్ వేస్తే లైటు వెలిగే ఇంట్లో, గేటుకు సీసీ కెమెరా ఉన్న ఇంట్లో ఆ వాదన అంత తేలిగ్గా నిలుస్తుందని అనుకోలేం. గురి తప్పిన బాణం ప్రహరీ దాటి దారిన పోయేవాడికి తగిలితే, ప్రాణాంతక దాడిని ఎదుర్కొంటున్నప్పుడు మాత్రమే సెక్షన్ 44 కాపాడుతుంది. లేదంటే నిర్లక్ష్యపు కేసు.

దొంగ కాదు, కబ్జాదారు

తుర్కయాంజాల్ చుట్టుపక్కల ఇంటిమీదికి జనం వచ్చే సందర్భాల్లో రాత్రి దొంగతనం ఒక్కటే లేదు. ప్లాటు తగాదా ఉంది. హద్దురాళ్లు పీకేయడం, ప్రహరీ కూల్చడం, పట్టపగలు పదిమందితో దిగడం. ఆత్మరక్షణ చర్చ ఈ వైపు చూడటం తక్కువ, చూడాల్సింది ఇక్కడే.

స్థిరమైన స్వాధీనంలో ఉన్నవాడు చొరబాటుదారును నెట్టివేయవచ్చని 1968లో రిపోర్టయిన మున్షీరామ్ కేసు చెప్పింది. నిందితుడు ఆత్మరక్షణ అని నోటితో చెప్పకపోయినా సాక్ష్యంలో కనిపిస్తే కోర్టు పరిగణించవచ్చనీ చెప్పింది. కానీ 2002 జస్సాసింగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గట్టిగా గీసింది. ఖాళీ నేల మీద చొరబాటు జరిగితే ఆస్తి రక్షణ పేరుతో ప్రాణం తీసే హక్కు లేదు. పక్క ప్లాటులో జేసీబీ దిగిందని మేడ మీద నుంచి బాణం వేస్తే ఈ తీర్పే ముందుకొస్తుంది. అదే గుంపు ఇంట్లోకి జొరబడి కత్తులు ఝళిపిస్తే లెక్క సెక్షన్ 38 కిందకు, ఒంటి రక్షణ కిందకు మారుతుంది. ఆడవారి మీద అత్యాచారయత్నం, అపహరణ కూడా ఆ సెక్షన్‌లోనివే; అక్కడ పగలా రాత్రా, ఇల్లా బయటా అన్న తేడా లేదు.

మనిషి లేని ఉచ్చు

తలుపు తెరిస్తే వదులయ్యేలా బిగించిన విల్లు ఊహ కొత్తది కాదు. మన పొలాల్లో దాని చుట్టం కరెంటు తీగ. పందుల కోసమని వేసిన తీగకు మనుషులు బలవుతున్న సంగతి తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1963లో చెరుబిన్ గ్రెగరీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. పరాయివాళ్లు వాడకూడదని మరుగుదొడ్డి దారిలో అతను కరెంటు తీగ పెట్టాడు, పొరుగు స్త్రీ చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ కోల్పోడని, ఇది ఆత్మరక్షణ కాదని కోర్టు శిక్షను ఖాయం చేసింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఖాళీ ఇంటి గదికి తుపాకీ కట్టిన యజమాని, దొంగతనానికి వచ్చి కాలు పోగొట్టుకోబోయినవాడికే 30 వేల డాలర్లు చెల్లించాలని 1971లో కాట్కో కేసులో తీర్పొచ్చింది. కారణం ఒకటే. ఉచ్చుకు భయం కలగదు, అవసరం ఎంతో అది తూచలేదు. ఈ ఒక్క ప్రశ్నలో మాత్రం పక్షాలు లేవు.

కేసు నడిచే దారి

గాయమో మరణమో జరిగితే ఎఫ్‌ఐఆర్ తప్పదు. ఆత్మరక్షణ అని పోలీసు స్టేషన్‌లో చెప్పినంత మాత్రాన కేసు మూతపడదు. విల్లు, బాణం, ఫోను, కెమెరా రికార్డు స్వాధీనమవుతాయి. హత్య కేసయితే విచారణ సెషన్స్ కోర్టులో. తుర్కయాంజాల్ వాళ్లకు జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లో. మినహాయింపు ఉందని చూపే భారం భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 108 నిందితుడి మీదే పెడుతుంది. ప్రాసిక్యూషన్‌లా సందేహానికి తావులేకుండా రుజువు చేయనక్కర్లేదు, నమ్మదగినట్టు కనిపిస్తే చాలు. పగిలిన తాళం, ఒంటి మీద గాయాలు, పోలీసులకు చేసిన ఫోన్ వేళ ఇక్కడ పనికొస్తాయి.

ఆత్మరక్షణ అన్న మాటను పరీక్షించకుండా ఒప్పుకోకూడదన్న పట్టుదల తెలుగు నేల మీద బలంగా వినిపించింది పోలీసుల విషయంలో. 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణాల్లో కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ వాదన విచారణలోనే తేలాలని చెప్పింది. దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తుర్కయాంజాల్ ఉన్న ఇదే రంగారెడ్డి జిల్లాలో, షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో 2019 డిసెంబర్ 6న జరిగిన పోలీసు కాల్పులపై సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల ఆత్మరక్షణ కథనాన్ని నమ్మలేదు. ఆయుధం పట్టే అధికారం ఉన్నవాళ్ల మాటకే ఇంత పరీక్ష ఉంటే, ఇంటి యజమాని మాటకు ఉండదని ఎలా అనుకోగలం?

బయటి దేశాల్లో

టెక్సస్‌లో ఇల్లు కొనుక్కున్న బంధువు చెప్పిన చట్టం ఇక్కడ పనిచేస్తుందనుకోవడం మరో చిక్కు. అక్కడి శిక్షాస్మృతి 9.42 సెక్షన్ రాత్రి దొంగతనాన్ని ఆపడానికి కొన్ని షరతులతో ప్రాణాంతక బలాన్ని అనుమతిస్తుంది, పారిపోతున్న దొంగ మీద కూడా. ఇంగ్లండులో 1999లో పారిపోతున్న దొంగను వెనుక నుంచి కాల్చిన టోనీ మార్టిన్‌కు హత్యానేరం పడి, 2001లో అప్పీలులో తగ్గింది. ఆ తర్వాతి ఒత్తిడితో 2013లో ఇంటి యజమానికి వెసులుబాటు పెంచారు. మరీ దారుణంగా మితిమీరితే తప్ప బలప్రయోగాన్ని వెంటనే తప్పుపట్టరు. మన చట్టం టెక్సస్ అంత వదులు కాదు. యజమానికి ఇంగ్లండు ఇచ్చినట్టు ప్రత్యేక కొలతా మన దగ్గర లేదు, అవసరం అన్న పాత కొలతే ఉంది.

తేలనివి

అన్నిటికన్నా పెద్ద చిక్కు వాకిలి. చొరబాటు నిర్వచనం మనిషి నివసించే కట్టడం చుట్టూ అల్లుకుంది. గోడెక్కి కిటికీలోంచి దూరినవాడు అందులో పడతాడు, సందేహం లేదు. ప్రహరీ దూకి సంపు పక్కన నిలబడ్డవాడు ఇంట్లో ప్రవేశించినట్టా? కాదంటే సెక్షన్ 41 రెండో అంశం ఇంకా మొదలు కాలేదు. విల్లు ఉపయోగపడేదేమో సరిగ్గా ఆ దూరంలోనే, మేడ మీద నుంచి వాకిట్లోకి. తలుపు దాటి లోపలికి వచ్చాక ఇరుకు గదుల్లో అది చేతికి అడ్డం. అంటే విల్లు బాగా పనిచేసే చోట హక్కు పలచగా ఉంది, హక్కు దట్టంగా ఉన్న చోట విల్లు పనికిరాదు.

రెండోది పోలీసులు చేరే వ్యవధి. ఫోన్ చేశాక ఎంతసేపు ఆగితే సాయం కోరే అవకాశం లేదని అర్థం? దూరదూరంగా ఇళ్లున్న వెంచరుకూ నిండు బస్తీకీ ఒకటే లెక్కా? సెక్షన్ 37 నిమిషాలు చెప్పదు. మూడోది ఆటగాళ్ల నైపుణ్యం. 70 మీటర్ల నుంచి పసుపు వలయంలో కొట్టగల పిల్లవాడు గుండెకు కొట్టాడంటే అది గురి చూసిందేనని ప్రాసిక్యూషన్ అంటుంది. చేతులు వణుకుతూ వదిలాడని డిఫెన్స్ అంటుంది. ఆ పిల్లవాడి గోడమీది పతకాలు ఎవరికి సాక్ష్యమవుతాయో ఆ కేసు వచ్చిన రోజే తెలుస్తుంది.